చైనా రాజదర్బారు జేడ్ శిల్పం, అందులోని డ్రాగన్: తరచుగా అడిగే ప్రశ్నలు

జేడ్ అంటే మన పచ్చేనా?

కాదు. మనం పచ్చ అనీ మరకతం అనీ పిలిచేది బెరిల్ జాతి రత్నం. జేడ్ ఆ జాతిది కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. జేడ్ అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు ఖనిజాలు తిరుగుతున్నాయి. ఒకటి నెఫ్రైట్: కాల్షియం, మెగ్నీషియం, ఇనుము కలిసిన సిలికేట్. రెండోది జేడైట్: సోడియం, అల్యూమినియం సిలికేట్. ఈ రెండూ ఒకటి కావని తేల్చినవాడు ఫ్రెంచి ఖనిజ శాస్త్రవేత్త అలెక్సిస్ దామూర్, 1863లో.

జేడ్‌ను చైనీయులు ‘యు’ అంటారు. వేల ఏళ్లపాటు ఆ మాటకు అర్థం ముఖ్యంగా నెఫ్రైటే. మయన్మార్‌లోని కాచిన్ కొండల నుంచి జేడైట్ చెప్పుకోదగ్గంతగా చైనాకు చేరడం మొదలైంది 18వ శతాబ్దంలో మాత్రమే. కాబట్టి ‘హాన్ కాలం (దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి రాజవంశం) నాటి జేడైట్ డ్రాగన్’ అని ఎవరైనా అమ్మజూపితే అక్కడితో ఆగిపోవచ్చు.

రంగు విషయానికొస్తే, దర్బారు అన్నిటికన్నా మిన్నగా ఎంచింది ఆకుపచ్చను కాదు, తెలుపును. గొర్రె కొవ్వులా మెత్తని మెరుపున్న తెల్ల నెఫ్రైట్‌కు ‘గొర్రె కొవ్వు జేడ్’ అనే పేరు. దాని తర్వాత లేత బూడిదపచ్చ, పాలకూర ఆకుపచ్చ, పసుపు, గ్రాఫైట్ కలిసిన నలుపు.

ఆ రాయి ఎక్కడి నుంచి వచ్చేది?

నేటి షిన్‌జియాంగ్‌లోని ఖోతాన్ నుంచి. కున్‌లున్ పర్వతాల నుంచి దిగే రెండు నదులు ఆ ఊరికి అటూ ఇటూ పారతాయి: యురుంగ్‌కాష్, కరకాష్. తురుష్క భాషలో మొదటిది తెల్ల జేడ్, రెండోది నల్ల జేడ్ అని అర్థం. వేసవిలో మంచు కరిగి వచ్చే వరద రాళ్లను దొర్లించి తెస్తుంది, నీరు తగ్గాక శరదృతువులో జనం ఏట్లోకి దిగి ఏరుకునేవారు.

ఏటి రాయికి, కొండ రాయికి తేడా పనివాళ్లకు ప్రాణంతో సమానం. ఏట్లో దొర్లిన రాయిలో బలహీనమైన భాగాలు దారిలోనే విరిగిపోతాయి, మిగిలింది గట్టి గుండె. పైన తుప్పు రంగులోనో తేనె రంగులోనో ఒక తొక్క ఏర్పడుతుంది. కొండ నుంచి తవ్వి తెచ్చిన రాయి పెద్దదే, కానీ లోపల బీటలు ఎన్నున్నాయో కోసేదాకా తెలియదు.

1759లో చైనాను ఏలుతున్న చింగ్ వంశపు సేనలు ఈ ప్రాంతాన్ని గెలుచుకున్నాక రాయి సరఫరా చక్రవర్తి చేతికొచ్చింది. ఏటా రెండు విడతలుగా దాదాపు 4000 జిన్‌లు, అంటే 2 టన్నులకు పైగా కప్పంగా బీజింగ్ చేరేది. ఆ వంశపు చక్రవర్తి చియెన్‌లోంగ్ కాలంలో (1736–1795) జేడ్ పని అంతగా పొంగిపొర్లడానికి కారణం అభిరుచి ఒక్కటే కాదు, దారి తెరుచుకోవడం కూడా.

ఉలితో చెక్కేవారా?

లేదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే జేడ్ డ్రాగన్ ఆకారం ఎందుకలా ఉంటుందో సగం అర్థమైనట్టే.

గ్రానైట్ గింజలు గింజలుగా ఉండే రాయి. ఉలి దెబ్బకు పెచ్చులు లేస్తాయి. నెఫ్రైట్‌లో గింజలు లేవు. కంటికి కనబడని సన్నని పోగులు కంబళిలో ఉన్నిలా ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. దాని కఠినత మోస్ కొలమానంలో 6 నుంచి 6.5 మాత్రమే, క్వార్ట్జ్ (7) కన్నా తక్కువ. కానీ విరగకుండా తట్టుకునే గుణంలో దాదాపు ఏ రత్నమూ దాని ముందు నిలవదు. దెబ్బ కొడితే ఉలి జారుతుంది, లేదా రాయి మీరు కోరని చోట పగులుతుంది.

అందుకే జేడ్‌ను చెక్కరు, అరగదీస్తారు. అరగదీసేది ఇనుము కూడా కాదు, ఇసుక. ఇనుప చక్రం తడి ఇసుకను రాయి మీద నడిపించే వాహనం మాత్రమే. మామూలు పనికి పసుపు ఇసుక, అంటే క్వార్ట్జ్. అంతకన్నా చురుకైన పనికి ఎర్ర ఇసుక, అంటే గార్నెట్. ఇంకా గట్టిది కావాలంటే కురువిందం జాతి నల్ల ఇసుక. ప్రపంచమంతా కోరండమ్ అనే మాట దక్షిణాది భాషల కురుందం, కురువిందం నుంచే వెళ్లింది. మన సాన పట్టేవాళ్లకు ఈ పని పరాయిదేమీ కాదు.

ఒక ముక్క మొదటి నుంచి చివరిదాకా ఎలా తయారయ్యేది?

చిత్రకారుడు లి చెంగ్‌యువాన్ 1891లో బీజింగ్ పనివాళ్ల పద్ధతిని అంచెలంచెలుగా బొమ్మలు గీసి పెట్టాడు. కరెంటు యంత్రాలు రాకముందు పని ఎలా సాగిందో చూపే గట్టి సాక్ష్యం అది. ఆ క్రమం ఇలా ఉంటుంది.

ముందు ఇసుక తయారీ. రోట్లో దంచి, జల్లించి, నీళ్లలో కలిపి తేరుస్తారు. బరువైన ముతక రేణువులు అడుగుకు చేరతాయి, మెత్తనివి పైన తేలతాయి. ముతకది కోతకు, మెత్తనిది చివరి పనికి. ఇది తేలిక పనిలా కనిపిస్తుంది గానీ మెత్తని ఇసుకలో ఒక్క ముతక రేణువు కలిసినా నెలల పని మీద గీత పడుతుంది.

తర్వాత కోత. పెద్ద బండకు పళ్లు లేని తీగ రంపం: విల్లులాంటి కర్రకు పురి పెట్టిన ఉక్కు తీగ. ఇద్దరు మనుషులు అటూ ఇటూ లాగుతుంటే, పైన వేలాడే కుండలోంచి నీరు బొట్లు బొట్లుగా పడుతుంది, ఇసుక ఎప్పటికప్పుడు చల్లాలి. చిన్న ముక్కలకు తిరిగే ఇనుప చక్రం చాలు.

ఆ చక్రం ఉండే బల్లను ‘షుయ్‌దెంగ్’ అంటారు, నీటి బల్ల అని అర్థం. అడ్డంగా ఒక కర్ర ఇరుసు, దాని కొనకు ఇనుప చక్రం. ఇరుసుకు చుట్టిన తాడు రెండు కొసలు కింద రెండు తొక్కుడు పలకలకు కట్టి ఉంటాయి. కుడి కాలు తొక్కితే చక్రం ఒకవైపు, ఎడమ కాలు తొక్కితే రెండోవైపు తిరుగుతుంది. ఒక చేత్తో రాయిని కింది నుంచి చక్రానికి ఆనిస్తారు, రెండో చేత్తో తడి ఇసుక అందిస్తారు. చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, కదిలించేది రాయిని. పలుచని అంచున్న చక్రంతో స్థూలంగా కోసి, మందమైన వలయంతో మూలలు రుద్ది, చిన్న చక్రాలతో ఒంపులు తీస్తారు.

పాత్ర అయితే లోపల తొలవాలి. బోలు గొట్టం తిప్పి మధ్యలో ఒక కడ్డీ మిగిలేలా దింపి, ఆ కడ్డీని విరిచి తీస్తారు. ఆ కడ్డీ పారేసేది కాదు, దాంతో ఉంగరాలో పూసలో అవుతాయి. మూతి సన్నం, కడుపు వెడల్పు ఉన్న కూజాకైతే మెడ వంగిన పనిముట్లు లోపలికి పంపి చేతి అంచనాతోనే అరగదీస్తారు.

జాలీ పనికి ముందు వజ్రపు మొన ఉన్న విల్లు బరమాతో రంధ్రం పొడుస్తారు. తీగను ఒకవైపు విప్పి ఆ రంధ్రంలోంచి దూర్చి మళ్లీ విల్లుకు కట్టి, సిరా గీత వెంట కోస్తారు. డ్రాగన్ ఒంటి మెలికల మధ్య కనబడే ప్రతి ఖాళీకీ ఇలా ఒక రంధ్రంతోనే మొదలు. నగిషీ అంతా అయ్యాక మెరుగు: కర్ర చక్రం, ఎండిన సొరబుర్ర తొక్కతో చేసిన చక్రం, చివరికి ఎద్దు తోలు చక్రం. వీటి మీద అతి మెత్తని పొడి.

సిరా గీతలు నీళ్లకూ ఇసుకకూ చెరిగిపోతూనే ఉంటాయి. ప్రతి దశలోనూ మళ్లీ గీయాలి. అందుకే మంచి పనివాడు మంచి చిత్రకారుడు కూడా అయి ఉండాలి.

పని ఎక్కడ చెడిపోతుంది?

అన్నిటికన్నా ముందు, రాయి లోపలి బీట. పైకి వెంట్రుకంత కనిపించేది లోపల అంగుళాల లోతు పోవచ్చు. తడిపిన రాయి ఆరుతున్నప్పుడు బీట ఉన్నచోట తడి ఆలస్యంగా ఆరి గీతలా కనబడుతుంది. పాతవాళ్లు చూసే మొదటి పరీక్ష ఇది. బీట ఉందని తెలిస్తే రెండే దారులు: అక్కడికి కోసేయడం, లేదా నమూనాను మార్చి బీటను మేఘపు అంచులోనో డ్రాగన్ మడతలోనో కలిపేయడం. మీరు చూసే మేఘాల్లో కొన్ని అందం కోసం వచ్చినవి కావు.

రెండోది, ఇసుక కరువు. చక్రం కింద ఇసుక అయిపోయినా తొక్కుతూ పోతే ఇనుము రాయిని కోయదు సరికదా, వేడెక్కి తానే అరుగుతుంది. గాడి అంచులు వెడల్పయి గీత మొద్దుబారుతుంది.

మూడోది, రెండు వైపుల నుంచి పొడిచిన రంధ్రం మధ్యలో కలవకపోవడం. పాత పూసల్లో రంధ్రం మధ్యలో చిన్న మెట్టు తగిలితే కారణం ఇదే.

నాలుగోది డ్రాగన్‌కే ప్రత్యేకం. మీసాలు, గోళ్లు, కొమ్ముల కొసలు గాల్లో తేలితే విరుగుతాయి. అందుకే జేడ్ డ్రాగన్ మీసం ఎక్కువగా సొంత చెంపకో మెడకో మేఘానికో ఆని ఉంటుంది, గోళ్లు దేన్నో పట్టుకుని ఉంటాయి. కంచు డ్రాగన్‌లా మీసం విసురుగా బయటికి లేచి ఉంటే అంత సన్నని భాగాన్ని ఇన్నేళ్లు ఎవరు ఎలా కాపాడారని అడగాలి.

ఐదోది మెరుగులో వచ్చే నారింజ తొక్క రూపం. పోగులు ఒక్కో దిశలో ఉండటంతో కొన్ని చోట్ల ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ అరిగి, నునుపైన తలం మీద సన్నని గుంటలు తేలతాయి. ముతక దశను సరిగా ముగించకుండా మెరుగుకు తొందరపడితే ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ రుద్దడం తప్ప మార్గం లేదు.

చక్రవర్తి నుంచి ఆర్డరు ఎలా నడిచేది?

ప్యాలెస్‌లో ‘జావ్‌బాన్‌ఛు’ అనే దర్బారు కార్ఖానాల శాఖ ఉండేది. జేడ్ పనివాళ్లు అందులోని ‘రూయీగువాన్’ అనే పనిశాలలోనూ కూర్చునేవారు. పెద్ద పనులు, ఎక్కువ పనులు సూజో, యాంగ్‌జో వంటి దక్షిణ నగరాలకు వెళ్లేవి. సూజోలోని జువాన్‌జు సందు జేడ్ పనికి పేరు మోసింది.

కాగితం మీద బొమ్మ, ఆపైన మైనపు లేదా కర్ర నమూనా, చక్రవర్తి ఆమోదం, ఆ తర్వాతే రాయి మీద చెయ్యి. ఏ రోజు ఏ ఆజ్ఞ వచ్చిందో, ఏ ముక్క ఎక్కడికి పంపారో చిట్టాల్లో రాసేవారు, ఆ చిట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. చియెన్‌లోంగ్ తానే తప్పులు దిద్దేవాడు. అతి నగిషీతో రాయిని పాడుచేసే బజారు పోకడను ‘జేడ్‌కు పట్టిన చీడ’ అన్న అర్థంలో తిట్టాడు. పాత కంచు పాత్రల ఆకారాల్లో చేయించి, వాటి మీద ‘చియెన్‌లోంగ్ కాలపు పురాతన అనుకరణ’ అని ముద్ర కూడా వేయించాడు. అంటే అది మోసం చేయడానికి చేసిన నకలు కాదు, చెప్పి చేసిన గౌరవం.

అన్నిటికన్నా పెద్ద పనులు ఏవి?

రెండింటి గురించి తెలుసుకోవాలి.

మొదటిది చైనాను ఏలిన మంగోల్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ మద్యపు తొట్టి, 1265లో పూర్తయింది. ఒకే రాయి, బరువు దాదాపు 3500 కిలోలు. బయట అలలు, అలల్లోంచి లేచే డ్రాగన్లు, సముద్ర జీవులు. అతని యువాన్ వంశం పోయాక అది ఒక ఆలయంలో ఊరగాయలు పెట్టే తొట్టిగా మిగిలింది. 1745లో చియెన్‌లోంగ్ దాన్ని కొని తెప్పించి, బీజింగ్ బేయ్‌హాయ్ దగ్గరి గుండ్రటి కోటలో పెట్టించి, లోపలి వైపు తన కవిత చెక్కించాడు. ఇవాళ్టికీ అక్కడే ఉంది. చియెన్‌లోంగ్ పనివాళ్లు బయటి శిల్పాన్ని కూడా కొన్నిసార్లు సరిచేశారు. కాబట్టి ఆ డ్రాగన్లలో ప్రతి గీతా 13వ శతాబ్దానిదే అనుకోకూడదు.

రెండోది బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలోని జేడ్ కొండ. వరదలను అదుపు చేసిన యు మహారాజు (ఇక్కడ యు అన్నది మనిషి పేరు) కథ దాని మీద ఉంది. ఎత్తు 224 సెంటీమీటర్లు, బరువు 5 టన్నులకు పైనే. షిన్‌జియాంగ్ కొండల్లోంచి బీజింగ్‌కు తేవడానికే మూడేళ్లకు పైగా పట్టింది. చలికాలంలో దారిలో నీళ్లు పోసి గడ్డకట్టించి ఆ మంచు మీద లాగారు. మైనపు నమూనా చేస్తే యాంగ్‌జో వేడికి కరుగుతుందని కర్రతో ఇంకో నమూనా చేశారు. రాయి 1781లో యాంగ్‌జో చేరింది, పని 1787లో ముగిసింది. ఇందులో డ్రాగన్ నాయకుడు కాదు, కొండలు తవ్వే మనుషులు నాయకులు. మా దృష్టిలో దర్బారు జేడ్ అంతటిలోనూ దీనికి సాటి లేదు.

చైనా డ్రాగన్ అంటే అసలు ఏమిటి? నిప్పులు కక్కే రాక్షసి కాదా?

కాదు. చైనా ‘లోంగ్’ నీటి దేవత. మేఘాల్లో, నదుల్లో, సముద్రంలో ఉంటుంది, వాన కురిపిస్తుంది. తూర్పు దిక్కు, వసంత రుతువు దానివి. వాన మీద బతికే నేలలో వానను తెచ్చేదే పాలకుడికి గుర్తయింది.

దాని రూపం తొమ్మిది జీవుల పోలికలు కలిసినది: లేడి కొమ్ములు, ఒంటె తల, పాము మెడ, కార్ప్ చేప పొలుసులు, గద్ద గోళ్లు, పులి పంజాలు, ఎద్దు చెవులు వగైరా. పొలుసులు 81 అని చెబుతారు. తొమ్మిది తొమ్మిదులు, తొమ్మిదేమో ‘యాంగ్’ సంఖ్యల్లో, అంటే బేసి అంకెల్లో, పెద్దది. శిల్పంలో లెక్క పెట్టి 81 పొలుసులు చేస్తారని మాత్రం అనుకోవద్దు.

మనకు దీనితో ఒక చుట్టరికం ఉంది. బౌద్ధ గ్రంథాలు చైనీస్‌లోకి వెళ్లినప్పుడు మన ‘నాగ’ అన్న మాటకు అనువాదకులు ‘లోంగ్’ అనే వాడారు. నాగరాజులు డ్రాగన్ రాజులయ్యారు. మన శ్రీపర్వతంతో, నాగార్జునకొండతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడిని చైనీయులు ‘లోంగ్‌షు’ అంటారు, డ్రాగన్ చెట్టు అని అర్థం. చెట్టేమో అర్జున వృక్షం, అంటే మన మద్ది. డ్రాగన్ ముందు తేలే మంటల ముత్యానికి చెప్పే అర్థాల్లోనూ చింతామణి ఒకటి.

ఐదు గోళ్లుంటే చైనా, నాలుగైతే కొరియా, మూడైతే జపాన్. నిజమేనా?

ఎక్కువ మంది నమ్మే పొరపాటు ఇదే. గోళ్ల లెక్క దేశాన్ని కాదు, కాలాన్నీ హోదానూ చెబుతుంది. యువాన్‌కు ముందటి తాంగ్, సోంగ్ వంశాల కాలపు చైనా డ్రాగన్లకు సాధారణంగా మూడే గోళ్లు. అవి చైనావే. యువాన్ ప్రభుత్వం 1314లో ఐదు గోళ్లు, రెండు కొమ్ములు ఉన్న డ్రాగన్‌ను సామాన్యులు వాడకూడదని ఆజ్ఞాపించింది. తర్వాతి మింగ్, చింగ్ వంశాల కాలాల్లో ఐదు గోళ్ల లోంగ్ చక్రవర్తికి గుర్తుగా స్థిరపడింది. నాలుగు గోళ్లదాన్ని ‘మాంగ్’ అని వేరే పేరుతో పిలిచి అధికారులకు వదిలారు. కానీ గీత అంత నిక్కచ్చి కాదు. చింగ్ కాలంలో పై హోదా రాకుమారులకు కూడా ఐదు గోళ్లు దక్కేవి, చక్రవర్తి మెచ్చి బహూకరించినవీ ఉన్నాయి. కొన్ని మింగ్ లక్క వస్తువులు ప్యాలెస్ దాటి బయటికి వచ్చాక ఐదో గోరును గీకేసిన ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

చూపు కూడా గమనించండి. మీ వైపు సూటిగా చూసే డ్రాగన్, పక్కకు నడిచే డ్రాగన్ కన్నా హోదాలో పైది.

జేడ్ మీద కొమ్ముల్లేని, బల్లిలాంటి డ్రాగన్ కనబడుతుంది. అదేమిటి?

అది ‘చి’, లేదా చిలోంగ్. కొమ్ములు ఉండవు, పిల్లి మొహం, రెండుగా చీలి మెలి తిరిగే తోక. హాన్ కాలం నుంచి జేడ్‌కు ఇది ఇష్టమైన రూపం, నిజం చెప్పాలంటే జేడ్ మీద పూర్తి లోంగ్ కన్నా ఇదే ఎక్కువ. కారణం సులువే: పొలుసులు అక్కర్లేదు, ఒళ్లంతా ఒకే ఒంపు, రాయి గుణానికి చక్కగా సరిపోతుంది. పక్క నుంచి కనబడే ఒంటికాలి ‘కుయ్’ డ్రాగన్ మాత్రం పాత కంచు పాత్రల నుంచి వచ్చింది.

నడికట్టు కొక్కెం దీనికి మంచి ఉదాహరణ. వంగిన కొస పెద్ద డ్రాగన్ తల, దాని ఎదురుగా కడ్డీ మీద పాకుతూ చిన్న చి. ఈ జతను ‘డ్రాగన్ కొడుక్కి బుద్ధి చెప్పడం’ అంటారు. తండ్రి పెంపకంలో కొడుకు పైకి రావాలనే కోరిక. ఇలాంటిదే ఇంకో బొమ్మ, కార్ప్ చేప గండి దూకి డ్రాగన్ కావడం: అది ప్రభుత్వోద్యోగపు పరీక్షలు గెలవడానికి గుర్తు.

అన్నిటికన్నా పాత జేడ్ డ్రాగన్ ఎంత పాతది?

చక్రవర్తులు పుట్టకముందుది. ఈశాన్య చైనా హోంగ్‌షాన్ సంస్కృతి ప్రజలు 5000 ఏళ్ల కిందటే పంది మూతి ఉన్న, చుట్ట చుట్టుకున్న జీవులను జేడ్‌లో చేశారు. ఇన్నర్ మంగోలియాలో 1971లో దొరికిన 26 సెంటీమీటర్ల ముదురాకుపచ్చ ముక్క ఇంగ్లీషు సి అక్షరంలా వంగి, మెడ వెనక జూలు ఎగురుతున్నట్టు ఉంటుంది. పొలుసుల్లేవు, కాళ్లు లేవు. తాడు కట్టి వేలాడదీస్తే సమంగా తూగేచోట ఒక రంధ్రం. తర్వాతి షాంగ్ వంశపు రాణి ఫు హావ్ సమాధి 1976లో తవ్వితే 755 జేడ్ వస్తువులు బయటపడ్డాయి. వాటిలోనూ డ్రాగన్లున్నాయి.

రాజముద్రల మీద డ్రాగన్ ఎందుకు?

చియెన్‌లోంగ్ 1746లో రాజ్యపు ముద్రల సంఖ్యను 25గా ఖరారు చేశాడు. 1, 3, 5, 7, 9 కూడితే 25, అది స్వర్గపు సంఖ్య. ఎక్కువ భాగం జేడ్‌వే. పట్టుకునే పిడి మీద డ్రాగన్, తరచుగా ఒకదానిలో ఒకటి మెలిపడిన రెండు డ్రాగన్లు. వేళ్లకు పట్టు దొరకాలి, బరువు మోయాలి, అందుకే ఈ డ్రాగన్లు బలిసి, నేలకు అంటుకుని ఉంటాయి.

పూజా సంగీతానికి వాడే 16 రాతి గంటల వరసలో కూడా జేడ్ పలకల మీద బంగారు డ్రాగన్లుంటాయి. ఆ పలకలన్నీ చూడటానికి ఒకే కొలత. తేడా మందంలో ఉంటుంది: మందం పెరిగితే స్వరం పైకి పోతుంది.

నా దగ్గరున్నది నిజమైన జేడేనా? ఇంట్లో తెలుసుకోవచ్చా?

కత్తితో గీకవద్దు. మెత్తని నకిలీ అయితే గీత పడి పాడవుతుంది, గీత పడకపోతే మీకు పనికొచ్చేది ఏమీ తెలియదు, ఎందుకంటే క్వార్ట్జ్, గాజుల్లో చాలా రకాలకూ గీత పడదు. చల్లగా ఉంటే జేడ్ అనేదీ నమ్మదగ్గది కాదు, ఏ రాయైనా చల్లగానే ఉంటుంది.

సాంద్రత చూడండి. 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు కావాలి. ముందు వస్తువు బరువు రాసుకోండి. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. వస్తువును సన్నని దారంతో నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా పట్టుకోండి. ఇప్పుడు త్రాసు చూపేది అది తొలగించిన నీటి బరువు. వస్తువు 59 గ్రాములు, త్రాసు 20 చూపితే, 59ని 20తో భాగించగా 2.95. నెఫ్రైట్ 2.90–3.03 మధ్య, జేడైట్ 3.34 దగ్గర, క్వార్ట్జ్ 2.65, పాలరాయి 2.71, జేడ్‌లా కనబడే సర్పెంటైన్ అనే రాయి 2.6 చుట్టూ వస్తాయి. జాలీ పని సందుల్లో గాలి బుడగలు చిక్కుకుంటే అంకె తగ్గుతుంది, నీళ్లలో మెల్లగా కదిపి వదిలించండి. లోహం బిగించిన నగకు ఈ పద్ధతి చెల్లదు.

‘ఇండియన్ జేడ్’ పేరుతో మన దగ్గర అమ్మేది ఎక్కువగా అవెంచురిన్, అంటే పచ్చ క్వార్ట్జ్. మరకతం పేరుతో అమ్మే విగ్రహాల్లోనూ అది కనిపిస్తుంది. ఆ రాయి చెడ్డదేమీ కాదు, కానీ జేడ్ ధర దానికి పెట్టకూడదు. జేడైట్ అయితే ఎ, బి, సి అనే రకాలు అడగండి: ఎ సహజం, బి ఆమ్లంతో కడిగి ప్లాస్టిక్ బంక ఎక్కించింది, సి రంగు వేసింది. బిని కచ్చితంగా పట్టేది ప్రయోగశాలలోని ఇన్‌ఫ్రారెడ్ పరీక్షే. లేబొరేటరీ కాగితం లేకుండా పెద్ద మొత్తం పెట్టకండి.

పాతదా కొత్తదా అన్నది ఎలా తెలుస్తుంది?

రాయి వయసు ఏమీ చెప్పదు, రాళ్లన్నీ పాతవే. పనిముట్టు గుర్తు చెబుతుంది. 10 రెట్లు చూపే భూతద్దంతో గాడిని చూడండి. పాత చక్రపు గాడి పడవలా ఉంటుంది: మధ్యలో లోతు, రెండు కొసల్లో సన్నబడుతుంది. డ్రాగన్ మెడ ఒంపును ఒకే గీతగా లాగలేరు, పొట్టి గాడులను ఒకదాని మీద ఒకటి ఎక్కించి తిప్పాలి. ఆ అతుకులు కనబడతాయి. ఈనాటి వజ్రపు పనిముట్టు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ కలంలా ఏ ఒంపునైనా గీస్తుంది. గాడి అడుగు ఒకే లోతులో, సన్నని సమాంతర గీతలతో ఉంటుంది. మధ్యకాలం కూడా గుర్తుంచుకోండి: కార్బొరండమ్ అనే కృత్రిమ సాన పొడి 1890ల తర్వాతిది.

మట్టిలో ఉన్నట్టు కనబడే గోధుమ మరకలను నమ్మి కొనేవాళ్లు చాలామంది మోసపోతారు. వేడితో, రంగులతో, ఆమ్లంతో ఆ మరకలు ఎక్కించడం పాత విద్యే. మరక గాడుల్లో మాత్రమే చేరి, పక్కనున్న బీటలోకి దిగకపోతే అనుమానించాలి.

చైనా జేడ్‌కూ హైదరాబాద్‌కూ ఏమైనా సంబంధం ఉందా?

సాలార్‌జంగ్ మ్యూజియంలోని జేడ్ విభాగం చూడండి. జహంగీర్, నూర్జహాన్ పేర్లతో ఉన్న జేడ్ కత్తులు అక్కడున్నాయి. ఫార్సీలో యష్మ్ అనే ఈ రాయి మొగలుల చేతికీ మధ్య ఆసియా దారుల నుంచే వచ్చింది. చియెన్‌లోంగ్ మొగలు జేడ్‌ను చూసి ముగ్ధుడై ‘హిందూస్తాన్’ పాత్రల మీద కవితలు రాశాడు, కాగితంలా పలచటి ఆ గోడలను తన పనివాళ్లతో అనుకరింపజేశాడు. అక్కడి డ్రాగన్‌ను, ఇక్కడి పూలు, ఆకుల పనిని ఒకే రోజు పక్కపక్కన చూస్తే ఒకే రాయికి రెండు చేతులు ఏం చేశాయో అర్థమవుతుంది.

కొనడం, తేవడం, కాపాడుకోవడం?

చైనా చట్టం 1911కు ముందటి పురావస్తువులను దేశం దాటనివ్వదు. అక్కడి బజారులో ‘చింగ్ కాలం నాటి అసలు ముక్క’ కొని సూట్‌కేసులో తెస్తే, అది నిజమైతే నేరం, కాకపోతే మోసం. భారతదేశంలో 1972 చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన శిల్పాలు పురావస్తువులు, బయటికి పంపడం నిషిద్ధం.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క మెత్తని సబ్బు, మెత్తని బ్రష్ చాలు. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ తాకించవద్దు. అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయవద్దు, బంక ఎక్కించినదైతే పాడవుతుంది. వేడి నుంచి చల్లటి నీళ్లలోకి ముంచవద్దు, లోపలి బీట తెరుచుకుంటుంది. ఇంట్లో జేడ్ అరగదీసే సరదా ఉన్నవాళ్లు ఎప్పుడూ తడిగానే పనిచేయాలి, మాస్కు తప్పనిసరి, ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. మెడలో వేసుకునే డ్రాగన్ అయితే ఆరు నెలలకోసారి దారం చూడండి. రంధ్రపు అంచు పదునుగా ఉంటే రోజూ కొద్దికొద్దిగా కోస్తూ ఉంటుంది. జేడ్ లాకెట్లు పగిలేది ఎక్కువగా దారం తెగి నేల మీద పడినప్పుడే.